తాళం గుర్తు

“నువ్వే కదరా చెప్పావు, తాళం బొమ్మ ఉంటే భయం లేదని!”

2022లో ఒక ఆదివారం పొద్దున్నే మా నాన్న ఫోన్ చేసి అన్న మొదటి మాట ఇది. కోపంగా కూడా అనలేదు. పాఠం తప్పు లేకుండా అప్పజెప్పినా మార్కులు పడని పిల్లాడు అడిగినట్టు అడిగాడు. సంగతేంటంటే, అంతకుముందు రోజు ఆయనకి ఒక ఎస్సెమ్మెస్ వచ్చింది. మీ పార్సిలు మీద అడ్రసు సగమే ఉంది, సరిచెయ్యడానికి 25 రూపాయలు కట్టండి అని, కింద ఒక లింకు. కర్మ కాలి ఆ వారమే మా అమ్మ కుక్కరు గాస్కెట్ ఆర్డరిచ్చి ఉంది. నాన్న లింకు నొక్కాడు. పేజీ తెరుచుకుంది. నేను నేర్పినట్టే పైన అడ్రసు వంక చూశాడు. తాళం ఉంది. కార్డు నంబరు కొట్టాడు, ఓటీపీ కూడా కొట్టాడు. 25కి బదులు 18,400 పోయాయి.

తాళం చూడమని చెప్పింది నేనే. 2018లో ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆయనకో ఫోను కొనిచ్చి, తెనాలిలో మా ఇంటి వరండాలో కూచోబెట్టి గంటసేపు క్లాసు పీకాను. ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషికి నేను క్లాసు! “హెచ్‌టీటీపీ పక్కన ఎస్ ఉండాలి. దాని ముందు తాళం ఉండాలి. అవి రెండూ ఉంటే నువ్వు కొట్టింది మధ్యలో ఎవడూ చదవలేడు” అన్నాను. ఆయన బుద్ధిగా డైరీలో రాసుకున్నాడు కూడా.

ఇప్పుడు ఆలోచిస్తే నేను చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మధ్యలో ఎవడూ చదవలేదు. మా నాన్న కార్డు నంబరు తెనాలి నుంచి బయల్దేరి, ఎన్ని రూటర్లు దాటిందో ఏమో, ఎవరి కంటా పడకుండా, ఒక్క అంకె చెక్కుచెదరకుండా నేరుగా దొంగ చేతికి చేరింది. ఎన్‌క్రిప్షన్ తన పని తాను నూటికి నూరుపాళ్ళూ చేసింది. అటు చివర ఎవడున్నాడన్న ప్రశ్న నేను చెప్పిన పాఠంలో లేదు, అంతే.

మనవాళ్ళలో చాలామందికి (నాతో సహా) ఎన్‌క్రిప్షన్ అనగానే ఏఈఎస్, 256 బిట్లు, విశ్వం వయసంతా పట్టినా పగలదు, ఇలాంటివి గుర్తొస్తాయి. ఇంటర్వ్యూల్లో అడిగేవీ అవే. కానీ రోజువారీ గొడవలన్నీ ఆ లెక్కల బయటే జరుగుతాయి. 1976లో డిఫీ, హెల్‌మన్ ఇద్దరూ కలిసి ఒక అద్భుతం చేశారు. ముక్కూమొహం తెలియని ఇద్దరు, అందరూ వింటూ ఉండగానే, నాలుగు అంకెలు గట్టిగా చెప్పుకుని, ఆ విన్నవాళ్ళెవరికీ తెలియని ఒక రహస్యపు తాళంచెవిని తయారుచేసుకోవచ్చు. మొదటిసారి చదివినప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి. ఐతే అందులో ఒక మెలిక ఉంది. మీరు తాళంచెవి తయారుచేసుకున్నది ఎవరితో అన్నది ఆ లెక్క చెప్పదు. బ్యాంకుతో అనుకుని మధ్యలో కూర్చున్నవాడితో చేసుకోవచ్చు. వాడు మీతో ఒక తాళంచెవి, బ్యాంకుతో ఇంకొక తాళంచెవి చేసుకుని, మీరు పంపింది విప్పి చదివి, మళ్ళీ తాళమేసి అటు పంపేస్తాడు. రెండు వైపులా 256 బిట్లే. రెండు వైపులా సుఖమే.

అందుకని సర్టిఫికెట్లు వచ్చాయి. వీటి సంగతి మా నాన్నకి ఆ రోజు ఇలా చెప్పాను. నేను ఇంటర్లో చేరేటప్పుడు పదో తరగతి మార్కుల లిస్టు జిరాక్సు పట్టుకుని గెజిటెడ్ ఆఫీసరు కోసం తిరిగాం, గుర్తుందా? ఆ కాలేజీ వాడికి నేనెవరో తెలీదు. కానీ ఆకుపచ్చ సిరాతో సంతకం, గుండ్రటి ముద్ర చూస్తే నమ్ముతాడు. బ్రౌజరూ అంతే. అది పుట్టడంతోనే వందకి పైగా గెజిటెడ్ ఆఫీసర్ల సంతకాల నమూనాలు వెంటబెట్టుకుని వస్తుంది. వెబ్‌సైటు వాడు చూపించిన కాగితం మీద వీళ్ళలో ఎవరిదో ఒకరి సంతకం (లేదా వాళ్ళు అధికారమిచ్చిన కింది వాళ్ళ సంతకం) ఉంటే తాళం వేస్తుంది.

“మరి ఆ దొంగోడికి ఏ ఆఫీసరు సంతకం పెట్టాడ్రా?” అన్నాడు నాన్న.

ఎవరైనా పెడతారు. ఆ సంతకానికి అర్థం “ఈ పేరు గల సైటు ఇతని చేతిలోనే ఉంది” అని మాత్రమే. వాడు దొంగ పేరుతో సైటు కొనుక్కున్నాడు, అది నిజంగా వాడి చేతిలోనే ఉంది. అటెస్టేషన్ అంటే ఆ జిరాక్సూ ఒరిజినలూ ఒకటే అని. కుర్రాడు మంచివాడా కాదా అన్నదానికి కాండక్ట్ సర్టిఫికెట్ వేరే ఉంటుంది. ఇంటర్నెట్లో ఆ రెండో కాగితం ఇచ్చేవాడు లేడు.

పూర్వం ఈ సర్టిఫికెట్ కావాలంటే డబ్బు కట్టాలి, కాగితాలు పంపాలి, ఏటేటా రెన్యువల్ అని ఒక ప్రహసనం. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు జనానికి ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక అది కమాండు లైనులో రెండు నిమిషాల పని అయిపోయింది. దీనివల్ల దొంగలకి కూడా సులువైంది కదా అని వాళ్ళని తిట్టేవాళ్ళున్నారు. నేను తిట్టను. అంతకుముందు 2010లో ఫైర్‌షీప్ అని ఒక ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వచ్చింది. ఓపెన్ వైఫై ఉన్న కాఫీ హోటల్లో కూర్చుని దాన్ని ఆన్ చేస్తే పక్క బల్లల మీద వాళ్ళ ఫేస్‌బుక్ ఖాతాలు ఫోటోలతో సహా వరసగా కనబడేవి. నొక్కితే వాళ్ళ లాగిన్‌తో లోపలికెళ్ళిపోవచ్చు. లాగిన్ పేజీకి మాత్రమే ఎన్‌క్రిప్షన్ పెట్టి, ఆ తర్వాత కుకీని ఊరంతా చూసేట్టు పంపించే రోజులవి. అక్కడితో పోలిస్తే ఇప్పుడు చాలా నయం. తప్పల్లా తాళానికి లేని అర్థాన్ని దానికి అంటగట్టిన నాలాంటి పంతుళ్ళది. క్రోమ్ వాళ్ళు కూడా ఆ సంగతి ఒప్పేసుకుని 2023 సెప్టెంబరులో 117వ వెర్షన్ నుంచి తాళం బొమ్మ తీసేసి దాని స్థానంలో ఏవో రెండు మీటల్లాంటి బొమ్మ పెట్టారు. జనం దాన్ని “నమ్మదగిన సైటు” అని చదువుతున్నారు, ఫిషింగ్ సైట్లు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్ వాడుతున్నాయి, అన్నది వాళ్ళు చెప్పిన కారణం. మా నాన్నకి ఒక ఏడాది ఆలస్యమైంది.

గెజిటెడ్ ఆఫీసర్ల కథ ఇంకొంచెం ఉంది. ఇన్ని సంతకాల్లో ఏ ఒక్కటైనా, ఏ సైటుకైనా చెల్లుతుంది. గుంటూరులో ఉన్న ఆఫీసరు శ్రీకాకుళం వాడి కాగితం మీద సంతకం పెట్టినా చెల్లినట్టు. అంటే వందమందిలో ఒక్కడి ముద్ర దొంగతనమైతే అందరి ఇళ్ళకీ ముప్పే. 2011లో నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే కంపెనీలోకి ఎవరో చొరబడి 500 పైచిలుకు దొంగ సర్టిఫికెట్లు పుట్టించుకున్నారు. అందులో ఒకటి గూగుల్ పేరు మీద. దాంతో ఇరాన్‌లో జీమెయిల్ వాడేవాళ్ళ ఉత్తరాల మధ్యలో కూర్చున్నారు. ఎలా బయటపడిందంటే, గూగుల్ సైట్లకి ఏ సంతకాలు చెల్లుతాయో క్రోమ్‌లో ముందే రాసి పెట్టుకున్నారు, అందుకని ఒక ఇరాన్ వాడకందారుకి క్రోమ్ హెచ్చరిక చూపించింది. అతను ఊరుకోకుండా ఇదేంటని అడిగాడు. మిగతా బ్రౌజర్ల వాళ్ళకి హాయిగా తాళం కనబడుతూనే ఉంది. ఆ సెప్టెంబరులోనే డిజినోటార్ దివాలా తీసింది.

అదెక్కడో డచ్చి వాళ్ళ గోల అనుకుంటున్నారేమో. 2014 జూలైలో ఇదే పని మన ఎన్ఐసీ పేరు మీద జరిగింది. మన దేశపు కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ కింద ఎన్ఐసీకి సంతకం పెట్టే అధికారం ఉండేది. ఆ రూటు సర్టిఫికెట్‌ని మైక్రోసాఫ్ట్ వాళ్ళు నమ్మేవాళ్ళు కాబట్టి విండోస్ ఉన్న కంప్యూటర్లన్నీ నమ్మేవి. ఆ సంతకంతో గూగుల్ డొమైన్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు బయటికొచ్చాయని గూగుల్ కనిపెట్టింది. ఎన్ఐసీలో జారీచేసే పద్ధతిలోకే ఎవరో చొరబడ్డారని తర్వాత కంట్రోలర్ చెప్పాడు. క్రోమ్ వాళ్ళు ఆ రూటు సంతకాన్ని డాట్ ఇన్ కింద కొన్ని డొమైన్లకే పరిమితం చేసేశారు. ఈ అనుభవాల వల్లే ఇప్పుడు జారీ అయిన ప్రతి సర్టిఫికెట్టూ అందరూ చూడగలిగే బహిరంగ రిజిస్టర్లలో ఎక్కాలని నియమం పెట్టారు. 2018 ఏప్రిల్ తర్వాత జారీ అయినవి అలా ఎక్కకపోతే క్రోమ్ ఒప్పుకోదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించినట్టు మీ డొమైను పేరు మీద ఎవరెవరు సర్టిఫికెట్లు తీసుకున్నారో మీరే వెతుక్కోవచ్చు. ఒకసారి మీ కంపెనీ పేరు కొట్టి చూడండి. ఎప్పుడో మర్చిపోయిన టెస్టింగ్ సర్వర్ల పేర్లన్నీ వరసగా కనబడి కడుపు నిండుతుంది :)

ఇదంతా నాన్నకి చెబుతూ, ఆయన మరీ బెంగపడిపోతున్నాడని ఒక గొప్ప పోయాను. “ఐనా యాప్‌లలో ఐతే నీకీ గొడవ లేదు నాన్నా. నువ్వు ఏ తాళమూ చూడక్కర్లేదు. ఆ కాగితాలు, సంతకాలు అన్నీ లోపల మేమే చూసుకుంటాం.”

ఫోన్ పెట్టేశాక ఆ “మేమే” దగ్గర ఆగిపోయాను.

2019. మొదటి ఉద్యోగం, మొదటి ప్రాజెక్టు. ఊళ్ళలో చిన్న చిన్న అప్పులిచ్చే ఒక సంస్థకి యాప్ చేస్తున్నాం. వాళ్ళ ఏజెంట్లు బండ్ల మీద ఇల్లిల్లూ తిరిగి, అప్పు తీసుకునేవాళ్ళ ఆధార్ కార్డు ఫోటో తీసి, బ్యాంకు ఖాతా నంబరు, రేషన్ కార్డు, ఇంటి మనుషుల వివరాలు ఎక్కించి పంపాలి. నాకిచ్చిన పని ఆ పంపే భాగం. టెస్టింగ్ సర్వరుకి సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్ ఉండేది. అంటే ఎవడి జిరాక్సు మీద వాడే సంతకం పెట్టుకోవడం. సహజంగానే ఆండ్రాయిడ్ ఒప్పుకోదు, ఎక్సెప్షన్ విసురుతుంది. రేపు పొద్దున డెమో. రాత్రి పదకొండయింది. మీరందరూ ఏం చేసి ఉంటారో నేనూ అదే చేశాను. ఎర్రరు మెసేజిని కాపీ చేసి గూగుల్లో పడేశాను. మొదటి జవాబులోనే మందు దొరికింది. ఏ సర్టిఫికెట్ ఇచ్చినా నోరెత్తని ఒక ట్రస్ట్ మేనేజరు, సైటు పేరు ఏదైనా సరే ట్రూ అని తిరిగిచ్చే ఒక హోస్ట్‌నేమ్ వెరిఫయర్. మొత్తం ఇరవై లైన్లు కూడా లేదు. పైన “టుడూ: ప్రొడక్షన్‌కి ముందు తీసెయ్యాలి” అని కామెంటు కూడా పెట్టాను, అంత నీతిమంతుణ్ణి. డెమో బ్రహ్మాండంగా జరిగింది. ఆ కామెంటు అలాగే ప్రొడక్షన్‌కి వెళ్ళిపోయింది.

ప్లే స్టోరులో పెట్టి ఉంటే గూగుల్ వాడే ఆపేవాడు. ఇలాంటి ట్రస్ట్ మేనేజరు ఉన్న యాప్‌లని వాళ్ళు 2016 నుంచీ అడ్డుకుంటున్నారు. కానీ మాది ఏజెంట్లకి మాత్రమే కదా, ఏపీకే ఫైలు వాట్సాప్ గ్రూపులో పంపేవాళ్ళం.

ఇది నా ఒక్కడి ఘనకార్యం కాదని తర్వాత తెలిసింది. 2012లో జర్మనీ పరిశోధకులు 13,500 ఆండ్రాయిడ్ యాప్‌లు పరిశీలిస్తే 1,074 యాప్‌లలో సర్టిఫికెట్ సరిగ్గా చూడని కోడు దొరికిందట. అదే ఏడాది అమెరికాలో ఇంకొక బృందం సర్వర్ల మధ్య నడిచే కోడు చూసింది. అందులో కర్ల్ కథ నాకు భలే ఇష్టం. కర్ల్‌లో హోస్ట్ పేరు సరిచూడమనే ఆప్షన్‌కి 0, 1, 2 అని మూడు విలువలుండేవి. పేరు సరిపోలాలంటే 2 ఇవ్వాలి. 1 ఇస్తే సర్టిఫికెట్లో ఏదో ఒక పేరు ఉందా లేదా అని మాత్రం చూసేది. పీహెచ్‌పీ రాసేవాడు జాగ్రత్తపరుడై దానికి “ట్రూ” ఇస్తాడు, అది లోపల 1 అవుతుంది. పాపం వాడు తాళం వేద్దామనుకునే తీశాడు. కర్ల్ వాళ్ళు 2012 చివర్లో 1 ఇస్తే ఎర్రరు వచ్చేట్టు మార్చారు. నాది అలాంటి అమాయకత్వం కూడా కాదు. తెలిసే తీశాను, మళ్ళీ పెడదామనుకున్నాను.

ఆ రాత్రి పాత ఫోనులో ఆ యాప్ ఇంకా ఉందేమోనని వెతికాను. ఉంది. ల్యాప్‌టాప్‌లో మిట్మ్‌ప్రాక్సీ నడిపి, ఫోను వైఫై సెట్టింగుల్లో ప్రాక్సీగా దాని అడ్రసు ఇచ్చాను. మామూలు యాప్ ఐతే ఇక్కడ మొరాయించాలి, ఎందుకంటే నా ల్యాప్‌టాప్ పెట్టిన సంతకాన్ని ఫోను ఎరగదు. ఈ యాప్ కిమ్మనలేదు. టెస్టింగ్ కోసం ఎప్పుడో నేనే పెట్టుకున్న డమ్మీ లాగిన్ కొట్టాను. పేరు, పాస్‌వర్డు నా తెరమీద తెల్లారినట్టు కనబడ్డాయి. ఏ బస్టాండులోనో, టీ కొట్టు దగ్గరో ఫ్రీ వైఫై పెట్టి కూర్చున్న ఏ కుర్రాడైనా ఇంత మాత్రం చెయ్యగలడు.

ఆ కంపెనీలో ఇంకా ఉన్న నా పాత సహోద్యోగికి మర్నాడు ఫోన్ చేశాను. “అన్నా, ఆ నెట్‌వర్క్ ఫైలు ఒకసారి తీసి చూడు” అంటే తీశాడు. కాసేపు మాటల్లేవు. “గిట్ బ్లేమ్ చూశావా?” అన్నాడు. నా పేరే, చూడక్కర్లేదన్నాను. వాళ్ళ మేనేజరు దగ్గరికి వెళితే ఆయన అన్నాడట: “మూడేళ్ళయింది, ఏమీ కాలేదుగా?”

నన్ను ఇప్పటికీ తొలిచేస్తున్న మాట ఇదే. ఏమీ కాలేదని ఎలా తెలుసు? మా నాన్నకి 18,400 పోతే నిమిషంలో బ్యాంకు నుంచి మెసేజి వచ్చింది. ఆయన సైబర్ క్రైమ్ వాళ్ళకి 1930కి ఫోన్ చేశాడు, కంప్లయింటు నంబరు రాసుకున్నాడు. పోయిందని తెలిసింది కాబట్టి ఏడ్చాడు. మధ్యలో కూర్చుని ఆధార్ ఫోటో ఒకటి కాపీ చేసుకుంటే ఏం పోతుంది? ఫోటో సర్వరుకి భద్రంగా చేరుతుంది. లాగుల్లో అంతా సక్సెస్ అని ఉంటుంది. ఆ ఫోటోతో తర్వాత ఎవరో సిమ్ తీసుకున్నా, అప్పు తీసుకున్నా అది ఏ బస్టాండులో పోయిందో ఆ మనిషికి ఎప్పటికీ తెలియదు. నాకూ తెలియదు. చదివినవాడు చప్పుడు చెయ్యడు, చదవనివాడూ చప్పుడు చెయ్యడు. రెంటికీ సర్వరు లాగు ఒకేలా ఉంటుంది.

మా అన్న మేనేజరు మాట పట్టించుకోకుండా ఆ ఇరవై లైన్లూ తీసేసి కొత్త బిల్డు ఇద్దామని చూశాడు. మూడు రోజుల తర్వాత ఫోన్. “యాప్ కనెక్టే కావట్లేదురా బాబూ, మీ ఘనకార్యం మళ్ళీ పెట్టాల్సొచ్చేట్టుంది.” కూర్చుని చూస్తే తేలిందేమిటంటే, అసలు ప్రొడక్షన్ సర్వరే సరిగ్గా లేదు. తన సర్టిఫికెట్ పంపుతోంది గానీ దానికీ రూటుకీ మధ్యనుండే ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ పంపట్లేదు. అంటే సంతకం పెట్టిన ఆఫీసరు ఉన్నాడు, ఆయన్ని ఆఫీసరుగా వేసిన ఆర్డరు కాపీ మాత్రం జత చెయ్యలేదు. డెస్క్‌టాప్ బ్రౌజర్లు చాలావరకు ఆ కాగితం తామే ఎక్కణ్ణుంచో తెచ్చుకుని సర్దుకుపోతాయి. ఆండ్రాయిడ్ యాప్ సర్దుకోదు. నా కోడు దేన్నీ అడగదు కాబట్టి మూడేళ్ళపాటు ఈ తప్పు ఎవరికీ కనబడలేదు. సర్వరులో ఒక ఫైలు మార్చేసరికి అరగంటలో పనైపోయింది. మూడేళ్ళూ, అరగంటా!

అప్పు తీసుకున్నవాళ్ళకి ఎవరైనా చెప్పారా అని అడిగాను. “ఏమని చెప్తాం? ఏమైనా జరిగిందని మన దగ్గర రుజువుందా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఉత్తరం రాద్దామనుకున్నాను. ఎవరికి రాయాలో, ఏమని రాయాలో తేలక, నాలుగు వాక్యాలు రాసి డ్రాఫ్టుల్లో వదిలేశాను. అదింకా అక్కడే ఉంది.

ఇప్పుడు కోడు రివ్యూల్లో నా పేరు చెబితే కుర్రాళ్ళు విసుక్కుంటారు. “వెరిఫై ఫాల్స్” అన్న ముక్క ఎక్కడ కనబడినా, అది టెస్టు ఫోల్డర్లో ఉన్నా సరే, ఆపేస్తాను. టెస్టింగ్ సర్వరుకి కూడా అసలు సర్టిఫికెట్ తీసుకోండి, ఇప్పుడు ఊరికే వస్తోంది కదా అంటాను. కుదరకపోతే ఆ ఒక్క సర్టిఫికెట్‌నీ నమ్మేట్టు డిబగ్ బిల్డుకి మాత్రం కాన్ఫిగ్ రాసుకోవచ్చు, ఆండ్రాయిడ్‌లో 2016లో వచ్చిన ఏడో వెర్షన్ నుంచీ ఆ సౌకర్యం ఉంది. మొన్నో అమ్మాయి “డెమో అయ్యాక తీసేస్తా సర్” అంది. ఆవిడకి ఈ కథంతా చెప్పేసరికి డెమో టైము దాటిపోయింది.

నాన్న డబ్బు వెనక్కి రాలేదు. ఆయన మాత్రం పట్టు వదల్లేదు. క్రోమ్‌లో తాళం మాయమైన రోజున “బొమ్మ పోయిందిరా, ఫోను పాడైందా?” అని కంగారుగా ఫోన్ చేశాడు. ఈసారి డైరీలో వేరే పాఠం రాయించాను. ఎస్సెమ్మెస్‌లో వచ్చిన లింకు నొక్కొద్దు. ఎప్పుడైనా డబ్బు కట్టే పేజీ తెరిస్తే అడ్రసులో మొదటి ఏటవాలు గీత ముందు ఆగి, అక్కణ్ణుంచి వెనక్కి, కుడి నుంచి ఎడమకి చదువు. ఇప్పుడు కరెంటు బిల్లు కట్టే ముందు నాకు ఫోన్ చేసి ఆ పేరు ఒక్కొక్క అక్షరమే పైకి చదువుతాడు, హాజరు పట్టీ పిలిచినట్టు. నేను ఏ మీటింగులో ఉన్నా మ్యూట్ పెట్టి వింటాను.

రెండో కథ ఆయనకి ఇంతవరకూ చెప్పలేదు.